బుద్ధిని కొలుచు కుంచము

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక సాయంకాలము వీధియరుగుమీద కూర్చుండి, మానసిక సామర్థ్య పరీక్షకు ఉపయోగించు గైడుపుస్తకము ముందుంచుకొని, ప్రశ్నలకు పెన్సిలుతో గుఱుతులు పెట్టుచుండెను. బంధుకార్యము మీద నేను ఆ యింటికి పోయియుంటిని. తండ్రి పక్కన నిలువబడి, పుస్తకము చివర నచ్చువేసిన సమాధానముల పట్టికతో సరిచూచుచుండెను. ఒక ప్రశ్నలో నాలుగు మాటలున్నవి: బియ్యము, గోధుమలు, జొన్నలు, కందులు. వీనిలో తక్కినవానితో పొసగనిది ఏది? బాలిక బియ్యమునకు గుఱుతు పెట్టెను. “తప్పమ్మా, కందులు,” అని తండ్రి చెప్పెను. మూడు ధాన్యములు, ఒకటి పప్పుదినుసు గదా! బాలిక మాఱు పలుకక రబ్బరుతో తుడిచి కందులకు గుఱుతు పెట్టుకొన్నది. లోపలినుండి వచ్చిన నాయనమ్మ మాత్రము, “బియ్యం అని ఎందుకన్నావే తల్లీ?” అని అడిగెను.

“పొలంలో వచ్చేవి వడ్లు గదా నాయనమ్మా. మిల్లులో ఆడిస్తేనే బియ్యం. మిగతా మూడూ పొలంలోంచి అలాగే వస్తాయి.”

తండ్రి నవ్వి, “అదంతా పరీక్షలో చెప్పడానికి చోటుండదమ్మా,” అనెను.

ఆ తండ్రి యెఱుగకయే ఈ పరీక్షల మీద చేయదగిన విమర్శ నంతయు ఒక్క వాక్యమున చేసెనని నాకు తోచినది. ఆ బాలిక వివేచించినది. వస్తువుల పుట్టుకను గమనించి, పండినదానికిని మనుష్యుడు మార్చినదానికిని భేదమును పట్టుకొన్నది. ప్రశ్న వ్రాసినవారి భేదముకంటె అది తక్కువది కాదు. ఒక విధమున సూక్ష్మతరమైనది. అయినను ఆ పత్రమునందు నాలుగు వలయములు తప్ప మఱేమియు లేవు. వివేచనను పరీక్షింతుమని పేరు పెట్టుకొని, వివేచన జరిగిన చోటును మాత్రము చూడనొల్లని పరీక్ష యిది.

ఇది విలాసార్థమైన వివాదము కాదు. ఈ బాలిక వ్రాయబోవు పరీక్ష కేంద్రప్రభుత్వమువారు 2008వ సంవత్సరమున ప్రారంభించిన జాతీయ ఉపకార వేతన పరీక్ష. ప్రభుత్వ పాఠశాలలలోను, స్థానిక సంస్థల పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను ఎనిమిదవ తరగతి చదువుచు, తల్లిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించని పిల్లలకు ఇది యుద్దేశింపబడినది. మానసిక సామర్థ్యమునకు 90 ప్రశ్నలు, 90 నిమిషములు. పాఠ్యవిషయములకు మఱి 90 ప్రశ్నలు, మఱి 90 నిమిషములు. నెగ్గినవారికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివఱకు ఏటేట 12,000 రూపాయలు వచ్చును. దేశము మొత్తముమీద ఏటికి ఒక లక్ష క్రొత్త వేతనములు. కూలిపని చేసికొను ఇంట ఈ సొమ్ము ఎట్టిదో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. బడి మాన్పించుటకును, మఱి రెండేండ్లు సాగనిచ్చుటకును నడుమ తూగు త్రాసులో అది యొక రాయి. ఆడపిల్ల విషయమున ఆ త్రాసు రెండవ తట్టలో ఏముండునో మనమందఱ మెఱుగుదుము.

ఇంతకంటె చిన్నవయస్సునందే వచ్చు పరీక్ష నవోదయ విద్యాలయములది. 1986 నుండి నడచుచున్న ఈ విద్యాలయములలో ఆఱవ తరగతి ప్రవేశమునకు 80 ప్రశ్నల పరీక్ష కలదు. అందు సగము, అనగా 40 ప్రశ్నలు, మానసిక సామర్థ్యమునకు సంబంధించినవి. అవి మాటలతో పనిలేని బొమ్మలు: వరుసలో తరువాత వచ్చు బొమ్మ యేది, అద్దములో ఈ బొమ్మ యెట్లు కనబడును, మడిచి రంధ్రము చేసిన కాగితమును విప్పిన ఎట్లుండును, ఈ చిక్కులో ఏ ఆకారము దాగియున్నది, ఇట్టివి. పల్లెబిడ్డలకు నూటికి 75 స్థానములకు తక్కువగాకుండ కేటాయించిన ఉదారమైన ఏర్పాటిది. ఆ ఔదార్యమును నేను కించపఱచను. కాని పదేండ్ల పిల్లవాని జీవితమునందు ఈ పరీక్ష ఒక్కసారియే. రెండవ అవకాశము లేదు. ఇంత బరువు మోయు పరీక్ష యెక్కడనుండి వచ్చినది, దేనికై పుట్టినది, నడుమ నేమైనది అని విచారించుట చదువుకొన్న గృహస్థులకు ధర్మము.

దీని పుట్టుక పారిసునగరమున. 1904వ సంవత్సరమున ఫ్రెంచి ప్రభుత్వమువారు, సాధారణ తరగతులలో వెనుకబడు పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేకమైన బోధ యేర్పఱచుటకై ఒక సంఘమును నియమించిరి. అందు సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే, తన సహకారి థియొడోర్ సిమోన్‌తో గూడి 1905లో ముప్పది చిన్న పరీక్షల వరుస నొకదానిని ప్రకటించెను. 1908లో వానిని వయస్సుల వారీగా అమర్చెను. పిల్ల లెక్కలు కంఠస్థము చేసినదా లేదా యని గాక, విన్నదానిని గ్రహించి, పోల్చి, తప్పును తానే దిద్దుకొనగలదా యని చూచుట ఆయన యుద్దేశము. అంతకు ముందు ఉపాధ్యాయుని కోపతాపములే పిల్లవానిని మందమతియని నిర్ణయించుచుండగా, ఆ నిర్ణయమును వాని చేతినుండి తప్పించుట గొప్ప సంస్కారమే.

అయితే బినే తన కొలతను గూర్చి తానే భయపడెను. బుద్ధి యనునది పొడవువలె కొలువదగిన ఒక్క పదార్థము కాదనియు, తన సంఖ్య కేవలము ఆ దినమున ఆ పిల్ల యెంతవఱకు చేయగలిగినదో చెప్పునది మాత్రమే యనియు ఆయన భావము. 1909లో బాలురను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఒకని బుద్ధి యింతే, ఎన్నడును పెరుగదని చెప్పువారిని ఆయన గట్టిగ ఖండించెను. అంతటితో నూరకుండక, వెనుకబడిన పిల్లలకు మనోవ్యాయామ మను పేర సాధనములు కల్పించెను. కదలక మెదలక ప్రతిమవలె నిలుచు ఆట అందులో ఒకటి. చపల చిత్తుడైన పిల్లవానికి మొదట కుదురుగ నుండుట నేర్పి, పిమ్మట పాఠము చెప్పవలెనని ఆయన తాత్పర్యము. అనగా ఈ పరీక్ష పుట్టినపుడు దాని వెంట బోధ కూడ పుట్టినది. బినే 1911లో మరణించెను. సముద్రము దాటిన పిమ్మట పరీక్ష మాత్రము బ్రతికినది. బోధ రేవులోనే నిలిచిపోయినది.

అమెరికాలో దీనిని పెంచినవారు గాడర్డు, టెర్మను మొదలైనవారు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు టెర్మను 1916లో దీనిని విస్తరించి, బుద్ధివయస్సును నిజవయస్సుచే భాగించి నూఱుతో హెచ్చించిన సంఖ్యను ప్రచారమునకు తెచ్చెను. మన శిక్షణకళాశాలల పుస్తకములలో ప్రజ్ఞాలబ్ధి యని పేరుగన్నది అదియే. ఆయన ప్రశ్నలలో ఒకటి చూడుడు. తొలిసారి పట్టణమునకు వచ్చిన ఒక అమెరికా ఆదివాసి, వీధిలో పోవు తెల్లవానిని చూచి, వీడు సోమరి, కూర్చుండియే నడచుచున్నాడు అనెనట. ఆ తెల్లవాడు దేనిమీద పోవుచుండెను? సైకిలు అన్న సరి; గుఱ్ఱము అన్న తప్పు. గుఱ్ఱమని చెప్పిన పిల్ల, ఆ ఆదివాసి మాటలో ఒక ఎత్తిపొడుపు విన్నదేమో! అడిగినవారెవరు?

1917లో అమెరికా యుద్ధమున దిగినపుడు ఈ పరీక్షలు సేనలో ప్రవేశించినవి. సుమారు పదునేడు లక్షల మంది సైనికులను గుంపులుగ కూర్చుండబెట్టి పరీక్షించిరి. ఇంగ్లీషు చదువ వచ్చినవారికి ఆల్ఫా, రానివారికి బొమ్మలతో గూడిన బీటా. ఆల్ఫాలో ఒక వంటనూనె వ్యాపారనామము నిచ్చి అది మందా, పండ్లపొడియా, తినుబండారమా యని అడిగిరి. బీటాలో వల లేని టెన్నిసుబరిని, తీగ లేని విద్యుద్దీపమును, గొట్టము లేని గ్రామఫోనును చూపి, లోపించినది గీయుమనిరి. ఇటలీ పల్లెనుండి నిన్ననో మొన్ననో ఓడ దిగిన కూలివాడు టెన్నిసుబరి నెక్కడ చూచెను? మాటలు లేనంత మాత్రమున బొమ్మ నిష్పక్షపాతమని యెంచుట ఎంత పొరపాటో దీనివలన తెలియును. ఫలితములు లెక్కించి, సామాన్య అమెరికను వయోజనుని బుద్ధి పదుమూడు పదునాలుగేండ్ల బాలుని బుద్ధియని ప్రకటించిరి. వాల్టరు లిప్‌మను అను పత్రికారచయిత 1922లో న్యూ రిపబ్లికు పత్రికయందు వరుసగ వ్యాసములు వ్రాసి దీనిని ఎండగట్టెను. సగటు వయోజనుని బుద్ధి సగటు వయోజనునికంటె తక్కువ యగుట యెట్లు? కొలమానము తప్పియుండవలెను గాని మనుష్యజాతి తప్పియుండునా? ఆయన వాదసారమిది.

సేనాపరీక్షల ఫలితములనుబట్టి కార్లు బ్రిగాము 1923లో ఒక గ్రంథము వ్రాసి, ఐరోపా తూర్పు దక్షిణ ప్రాంతములనుండి వచ్చువారు బుద్ధిహీనులని తేల్చెను. మఱుసటి సంవత్సరమే ఆ ప్రాంతముల వలసను బిగించిన చట్టము వచ్చినది. చట్టమునకు ఈ గ్రంథమొక్కటియే కారణమనుట న్యాయము కాదు. వలసవారియందు ద్వేషము అంతకుముందే పొంగియుండెను. కాని ద్వేషమునకు శాస్త్రపు ఉత్తరీయము కప్పినవారిలో ఆయన యొకడు. అదే బ్రిగాము 1926లో అమెరికా కళాశాలల ప్రవేశమునకు నేటికిని ప్రసిద్ధమైన సాట్ పరీక్షను సిద్ధము చేసెను. 1930లో, వేర్వేఱు భాషలలో వేర్వేఱు ఇండ్లలో పెరిగినవారిని అట్టి పరీక్షలతో పోల్చుట తగదనియు, తన పూర్వగ్రంథమునకు ఆధారము లేదనియు తానే ఒప్పుకొని ఉపసంహరించెను. పండితులలో అరుదుగ కనబడు నిజాయితీ యిది. కాని చట్టము ఆయనతోపాటు ఉపసంహరింపబడలేదు. అది 1965 వఱకు నిలిచెను. పరీక్ష చేసినవాడు తన మాటను వెనుకకు తీసికొనవచ్చును. ఆ మాటచే రేవునుండి మరలింపబడినవాడు వెనుకకు వచ్చుటెట్లు?

ఇంకొక సంగతి అంతకంటె ఆలోచింపదగినది. టెర్మను, మెరిల్ అను ఇరువురు 1937లో ఆ పరీక్షను సవరించినపుడు, బాలురకును బాలికలకును మిక్కిలి భేదము చూపు ప్రశ్నలను తొలగించిరి. అది మంచి పనియే. కాని అందువలన ఒక రహస్యము బయటపడినది: రెండు వర్గములు సమానముగ కనబడవలెనని తలచినచో ప్రశ్నల నేర్చికూర్చి సమానముగ కనబడునట్లు చేయవచ్చును. మఱి ధనికులకును దరిద్రులకును, పట్టణమునకును పల్లెకును నడుమ భేదము కనబడినపుడు ఆ ప్రశ్నలను తొలగించు తలంపు కలుగలేదేమి? ఆ భేదము ప్రకృతియని ముందే నమ్మియుండుటచేత గదా!

మా బాలిక బియ్యమును గూర్చి చెప్పిన మాట వినినపుడు నాకు వెంటనే స్ఫురించినది రష్యా మనోవిజ్ఞాని అలెగ్జాండరు లూరియా. ఆయన 1931, 1932 సంవత్సరములలో మధ్యాసియాలోని ఉజ్బెకిస్థానమునకు పోయి, చదువురాని రైతులతోను, కొంత చదువు నేర్చినవారితోను టీదుకాణములలో కూర్చుండి మాటలాడి, వారి ఆలోచనారీతిని పరిశీలించెను. ఆ గ్రంథము చాలకాలము మూలబడి, 1974లో గాని వెలువడలేదు. సుత్తి, ఱంపము, గొడ్డలి, దుంగ అను నాలుగు బొమ్మలు చూపి, పొసగనిదేది యని ఆయన అడిగెను. పట్టణపు బడిపిల్ల దుంగ యనును, తక్కినవి పనిముట్లు. చదువురాని రైతు, అన్నియు పొసగుచున్నవి, దుంగ లేనిది ఱంపమెందుకు, గొడ్డలి యెందుకు, దేనిని తీసివేయుటకును వీలులేదు అనెను. ఉత్తరమున మంచుదేశములలో ఎలుగుబంట్లన్నియు తెల్లనివి, ఫలానా చోటు ఉత్తరమున మంచుదేశము, అచ్చటి ఎలుగులు ఏ రంగు అని అడిగిన, నేనచ్చటికి పోలేదు, చూడనిదానిని చెప్పను అనెను.

ఈ రైతులకు తర్కము లేదని కొందఱు దీనికి అర్థము చెప్పిరి. లూరియాయే వారి యాలోచనను చదువుకొన్నవారి యాలోచనకు క్రింది మెట్టుగ నెంచెను. నా కది పూర్తిగ సమ్మతము కాదు. చూడనిదానిని సాక్ష్యము చెప్పననువాడు న్యాయస్థానమున మిక్కిలి మేలైన సాక్షి. మన తార్కికులు సయితము ప్రత్యక్షమును ప్రమాణములలో మొదట నిలిపిరి. కాని లూరియా చూచిన మఱియొక సంగతి మనకు ముఖ్యమైనది: ఒకటి రెండేండ్లు బడికి పోయినవారును, సమష్టి వ్యవసాయమున పని చేసినవారును ప్రశ్నకుని మనసెఱిగి, అతడు కోరిన సమాధానమే సులభముగ చెప్పగలిగిరి. అనగా పొసగనిదేది యను ప్రశ్న ఒక ఆట. ఆ యాటకు నియమములున్నవి. నియమములు నేర్చినవాడు గెలుచును. నేర్వనివాడు బుద్ధిహీనుడు కాడు, ఆటకు క్రొత్తవాడు.

ఆటయని చెప్పుటకు మఱియొక తార్కాణము కలదు. న్యూజీలాండునందలి జేమ్సు ఫ్లిన్ అను పండితుడు 1984లోను, 1987లోను ప్రకటించిన వ్యాసములలో, ఇరువదవ శతాబ్దమున దేశదేశములందును ఈ పరీక్షల మార్కులు తరతరమునకు పెరుగుచు వచ్చినవని చూపెను. అమెరికాలో పదేండ్లకు సుమారు మూడు మార్కుల చొప్పున. విచిత్రమేమన, పాఠశాల చదువుతో నిమిత్తము లేనివని గౌరవింపబడిన బొమ్మల పరీక్షలలోనే ఈ పెరుగుదల మిక్కుటము. మనుమలు తాతలకంటె జన్మచేత అంత బుద్ధిమంతులైరని ఎవరును నమ్మరు. జీవితము మాఱినది, బడి పెరిగినది, బొమ్మను బొమ్మగ చూచి నియమమును వెదకుట అలవాటైనది. అలవాటుచే పెరుగునది అలవాటు లేక తగ్గును. కోచింగు పెట్టినవారికి ఈ సంగతి పండితులకంటె ముందే తెలియును. మన జిల్లాలలో నవోదయ పరీక్షకని నాలుగవ తరగతినుండియే పిల్లలను కూర్చుండబెట్టి బొమ్మలు దిద్దించుచున్న చోట్లెన్ని యున్నవో లెక్కించి చూడుడు. దిద్దించుట తప్పని అనను. ఆట నియమములు కొందఱికే చెప్పి, పిమ్మట అందఱిని ఒకే బరిలో నిలిపి, గెలిచినవానిని సహజప్రతిభావంతుడని పిలుచుట తప్పు.

ఇంతమాత్రముచేత పరీక్షలను తగులబెట్టుమని వాదింపవచ్చునా? వాదింపరాదు. ఇచ్చట సంస్కారప్రియులలో కొందఱు తొందరపడుచున్నారు. ఇంగ్లండున గాడ్‌ఫ్రే థామ్సను 1921లో నార్తంబర్లండు పరగణాకు ఒక బుద్ధిపరీక్షను సిద్ధము చేసెను. ఎందులకనగా, మారుమూల పల్లెబడులనుండి ఉన్నత పాఠశాలకు దరఖాస్తు పెట్టువారే లేకుండిరి. ఉపాధ్యాయులు పంపరు, తల్లిదండ్రు లడుగరు, పిల్లలకు తెలియదు. పరీక్షతో వెదకిన ఆ పల్లెలందే తగిన పిల్లలు కనబడిరి. మొన్న మొన్నటి నిదర్శనము అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున కలదు. అచ్చట ఒక పెద్ద పాఠశాలామండలమున, తెలివిగల పిల్లల ప్రత్యేకతరగతులకు ఉపాధ్యాయులును తల్లిదండ్రులును సూచించినవారినే పరీక్షించుచుండిరి. 2005 మొదలు రెండవ తరగతి పిల్లల నందఱిని పరీక్షింపగా, బీదలలోను, నల్లజాతివారిలోను, స్పానిషుభాషాకుటుంబములలోను అర్హులు మునుపటికంటె ఎక్కువగ కనబడిరి. డేవిడ్ కార్డు, లారా జూలియానో అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని 2016లో ప్రకటించిరి. అనగా పరీక్షకంటె మున్ముందు, పరీక్షకు పిలుచు గొంతు పక్షపాతమును చూపుచున్నది. మన యుపకారవేతన పరీక్షకు ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించునది ఎవరు? దరఖాస్తు నింపి, ఆదాయ ధ్రువపత్రము తెచ్చుకొమ్మని చెప్పి, గడువు దాటకుండ పంపు ఉపాధ్యాయుడున్న బడిలో పదిమంది వ్రాయుదురు. లేని బడిలో ఒక్కరును వ్రాయరు. వ్రాయని పిల్ల ఓడినట్టును తెలియదు.

థామ్సను పనియే పెద్దదై, 1944 చట్టమునకు పిమ్మట ఇంగ్లండున పదునొకండవ యేటి పరీక్షయైనది. ఒక్క పరీక్షతో పిల్లలు రెండు త్రోవల చీలిరి: కొందఱు గ్రామరు స్కూలునకు, పెక్కుమంది ఆవలి బడికి. అచ్చట బాలికలు బాలురకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొనుచుండగా, అనేక మండలములలో వారి కొక హద్దు, వీరి కొక హద్దు పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చిన బాలికలను సయితము నిలిపివేసిరి. మార్కు తమ నమ్మకమునకు అనుకూలమైనప్పుడు ప్రకృతి. ప్రతికూలమైనప్పుడు సవరింపదగిన అంకె! పల్లెబిడ్డను వెదకుటకు పుట్టిన పరీక్ష, బిడ్డలను వేఱుచేయు గోడగ మాఱుటకు ముప్పదియేండ్లు పట్టలేదు. 1965 తరువాత ఆ పద్ధతి చాల చోట్ల తొలగినది, కొన్ని చోట్ల ఇంకను నిలిచియున్నది.

మన భాషకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. మన దేశమున బినే పరీక్షలను దేశభాషలకు అనుకూలముగ మార్చు ప్రయత్నము క్రొత్తది కాదు. ధార్వాడలో వి. వి. కామత్ కన్నడ మరాఠీ బాలురకై వానిని సవరించి, 1940లో గ్రంథము ప్రకటించెను. అట్లయ్యు నేడు తెలుగు మాధ్యమమున వ్రాయు పిల్లకు ఇచ్చు అక్షరశ్రేణి ప్రశ్నలును, సంకేతలిపి ప్రశ్నలును సాధారణముగ ఆంగ్లవర్ణమాలమీదనే నడచును. ఎ ఒకటి, బి రెండు అని ఇరువదియాఱింటికి సంఖ్యలు నాలుక తుదనుండవలెను. ప్రశ్నలోని వాక్యము మాత్రము తెలుగు. మనకు అట్టి సామగ్రి లేకనా? వివేచనను పరీక్షించుటకు మన వర్ణమాలకంటె చక్కని పట్టిక లోకమున అరుదు. క చ ట త ప లు నిలువుగ దిగును, ఒక్కొక్క వర్గము అడ్డముగ సాగును. కకు గ యెట్లో పకు ఏది? పరుష సరళములు నేర్చిన పిల్ల బ యనును, ఎందువలన యని కూడ చెప్పగలదు. సంకేతలిపి కావలెనా, కటపయాది యున్నది. సంగీతము నేర్చుకొను ఇండ్లలో తెలియనివారుండరు: ధీరశంకరాభరణమున ధీ తొమ్మిది, ర రెండు, త్రిప్పి చదివిన ఇరువది తొమ్మిదవ మేళము, మేచకల్యాణిలో మే ఐదు, చ ఆఱు, త్రిప్పిన అఱువదియైదు. ఎనిమిదవ తరగతి పిల్లకు నియమమును నాలుగు పంక్తులలో చెప్పి, మాయామాళవగౌళ ఎన్నవదియని అడిగి చూడుడు. పదునైదు అని చెప్పుటయే గాక, ఇంకొకటి అడుగుమని మిమ్ము వదలదు. దీనిని పూర్వీకుల ఘనత చాటుటకు చెప్పుటలేదు. ఆ యుబ్బునకు నేను దూరుడను. సంగీతమెఱుగని ఇంటి పిల్లకు ఇదియు క్రొత్తయే. ఆటను పిల్ల యెఱిగిన చోట మొదలుపెట్టి, నియమమును అందఱికిని ప్రశ్నలోనే చెప్పి, అటుపిమ్మట కొలువుమనుటయే నా మనవి.

ఇక ఇండ్లలో జరుగునది. పరీక్షాధికారులు ఒక్క అంకె నిత్తురు. దానికి వ్యాఖ్యానము మనము చేయుదుము. వీనికి లెక్కల బుఱ్ఱ లేదు, ఇది వాళ్ల నాన్నవలె మొద్దు, దానికి చదువెందుకు. ఈ తీర్పులు ఏ గెజెట్టులోను అచ్చుకావు, కాని అప్పీలు లేని తీర్పులు. రెండు మూడు మార్కుల తేడాతో హద్దునకు అవతల నిలిచిన పిల్లకును, ఇవతల నిలిచిన పిల్లకును బుద్ధిలో భేదము ఏ శాస్త్రజ్ఞుడును చెప్పజాలడు. వేతనములు పరిమితములు గనుక ఎక్కడనో గీత గీయక తప్పదు, అంతే. బస్సు నిండిపోయినందున ఎక్కలేనివానిని కుంటివాడనుట ఎట్టిదో, దీనిని బుద్ధిలోపమనుట అట్టిది. ముఖ్యముగ తల్లులు ఈ సంగతి గమనింపవలెను. ఏలయన, ఆడపిల్లను బడి మాన్పించుటకు సాకు వెదకు మగవారికి ఈ అంకె మిక్కిలి మర్యాదగల సాకు.

ప్రశ్నపత్రములు చేయువారిని నేను కోరునది పెద్దదేమియు కాదు. తొంబదింటిలో ఎనుబదియైదు వలయములే యుండనిండు. యంత్రముచే దిద్దబడని ఐదు ప్రశ్నలు పెట్టి, ఎందువలన అని రెండు పంక్తులు వ్రాయుటకు చోటియ్యుడు. దిద్దుటకు శ్రమయగును, నిజమే. వేలకొలది పదవతరగతి పత్రములను ఏటేట దిద్దుచున్న ఉపాధ్యాయులకు ఇది దుస్సాధ్యము కాదు. దిద్దువారి పక్షపాతము చొరబడునని ఆక్షేపింతురు. చొరబడవచ్చును, కాని ఇప్పుడున్న పక్షపాతము ప్రశ్న వ్రాసినప్పుడే చొరబడి, యంత్రము వెనుక దాగియున్నది. కనబడు దోషము కనబడని దోషముకంటె చక్కదిద్ద సులువు.

అది వచ్చువఱకు చేయదగిన పని యొకటి చేతిలోనే యున్నది. మన రెండు రాష్ట్రములలోను ఈ ఉపకారవేతన పరీక్ష ముగిసిన పిమ్మట ప్రాథమికమైన సమాధానపట్టికను ప్రకటించి, ఆక్షేపణలున్నచో తెలుపుమని గడువిత్తురు. ఆ గడువున అచ్చుతప్పులను, ద్వంద్వ సమాధానములను గూర్చి కోచింగువారు వ్రాయుదురు. బడులనుండి వ్రాయువారు అరుదు. పరీక్ష మఱునాడు ఉపాధ్యాయుడు పిల్లలను కూర్చుండబెట్టి, ఏ ప్రశ్నకు ఏమి పెట్టితివి, ఎందుకు పెట్టితివి అని అడిగి, తగిన కారణము కనబడినవానిని కాగితముమీద పెట్టి పంపవచ్చును. పది పంపగా ఒకటి అంగీకరింపబడవచ్చును, కాకపోవచ్చును.

ఆ సాయంకాలము నేను సెలవు తీసికొనునప్పటికి బాలిక నలువది మూడవ ప్రశ్నకు వచ్చియుండెను. పెన్సిలు వలయము మీదనే యుంచి, గుఱుతు పెట్టక, తండ్రి ముఖము చూచుచుండెను. నాయనమ్మ చాటలో బియ్యము పోసికొని వచ్చి ఆమె పక్కన కూర్చుండి, “ఇదేం అడుగుతున్నాడే?” అని పుస్తకములోనికి తొంగిచూచెను.